ఎండ... కన్ను... నుదురు!

ఇంజిను పాత కారుది. చట్రం ఇనుప గొట్టాలతో వెల్డింగ్ చేసింది. సీట్లు తుక్కు దుకాణంలో దొరికినవి. సొంతంగా కారు తయారుచేసుకునే కుర్రాళ్లు వీటి గురించి నెలల తరబడి తలలు బద్దలుకొట్టుకుంటారు. డాష్‌బోర్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఏదో ఒక చెక్క బిగిద్దాంలే’ అనేస్తారు. నిజానికి బండిలో కూర్చున్నంతసేపూ కళ్లముందు ఉండేది అదే. ప్రమాదం జరిగితే తల వెళ్లి తగిలేదీ చాలాసార్లు దానికే!

డాష్‌బోర్డు పుట్టింది గుర్రపు బండి మీద. గుర్రం డెక్కలు ఎగజిమ్మే బురద తోలేవాడి మీద పడకుండా ముందు ఓ పలక బిగించేవారు. దాని పేరే డాష్‌బోర్డు. బళ్లు పోయి కార్లు వచ్చాయి. పలక, పేరు మాత్రం మిగిలాయి.

విడిభాగాలన్నీ కొనుక్కుని ఇంటిదగ్గరే బిగించుకునే ‘కిట్ కార్ల’ సరదా విదేశాల్లో పాతదే. 1957లో బ్రిటన్‌లో వచ్చిన లోటస్ సెవెన్‌ని అలా కొంటే కొనుగోలు పన్ను తప్పేది. అందుకే దానికి అంత గిరాకీ. మన దగ్గర అలాంటి కిట్లు అరుదు గానీ చేతిపనికి కొదవలేదు. హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంకి వెళ్తే క్రికెట్ బ్యాట్, చెప్పు, సోఫా ఆకారాల్లో సుధాకర్ యాదవ్ తయారుచేసిన కార్లు కనిపిస్తాయి. 2007లో మొదలైన ‘బాహా’ పోటీల కోసం ఇంజినీరింగ్ విద్యార్థులు వర్క్‌షాపుల్లో సొంత బళ్లు కడుతూనే ఉన్నారు.

కారు ఏ ఆకారంలో ఉన్నా సరే, దాని డాష్‌బోర్డు మూడు పరీక్షలు నెగ్గాలి. ఎండ, కన్ను, నుదురు... ఇవే ఆ మూడు.

తిరుపతి ఎండకి ఆగుతుందా?

వేసవిలో తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. అలిపిరి దగ్గర బండి నిలిపి కొండెక్కి, దర్శనం చేసుకుని దిగేసరికి రోజు గడిచిపోతుంది. అంతసేపూ ఆ బండి ఎండలోనే! అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో వెల్లడించిన లెక్క ప్రకారం, బాగా వేడిగా ఉన్న రోజుల్లో గంటసేపు ఎండలో ఉంచిన కార్ల డాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకి చేరింది. నీడలో ఉంచితే 48 డిగ్రీల దగ్గరే ఆగింది.

చాలా వస్తువులు ఓడిపోయేది ఇక్కడే. కుర్రాళ్లు ఇష్టపడే త్రీడీ ప్రింటింగ్‌లో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పీవీసీ షీటు 70 దాటితే వంగడం మొదలుపెడుతుంది. ఏబీఎస్ ప్లాస్టిక్ నయం, దాదాపు 100 డిగ్రీల వరకూ నిలబడుతుంది. వడ్రంగులు వాడే తెల్ల జిగురు కూడా వేడికి పట్టు సడలిస్తుంది. రెగ్జిన్ అంచులు లేచిపోవడానికి చాలాసార్లు కారణం వేడికి ఆగని జిగురే.

ఇంకో సంగతి... వేడికి అన్నీ సాగుతాయి. నాలుగడుగుల అల్యూమినియం రేకు 40 డిగ్రీలు వేడెక్కితే ఒక మిల్లీమీటరుకి పైగా పెరుగుతుంది. అంతే పొడవున్న ప్లాస్టిక్ మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు చివర్లా స్క్రూలు బిగుతుగా వేస్తే ఆ పెరిగేదానికి చోటేదీ? మధ్యలో ఉబ్బుతుంది, లేదంటే పగులుతుంది. అందుకే ఒకవైపు గుండ్రటి రంధ్రం, రెండోవైపు కోలగా ఉండే రంధ్రం పెట్టాలి.

కన్ను మాటేమిటి?

మెరిసే డాష్‌బోర్డు షోరూంలో బాగుంటుంది. రోడ్డు మీద అదే శత్రువు. ఎండ దానిమీద పడి ముందు అద్దంలో ప్రతిబింబిస్తుంది. ఎదురుగా వచ్చే స్కూటరు ఆ మెరుపులో మాయమైపోతుంది. లేతరంగు వేసినా ఇదే గొడవ. పైభాగం ముదురు రంగులో, మెరుపు లేకుండా, కాస్త గరుకుగా ఉండాలి. స్టీలు పట్టీలూ వార్నిష్ చెక్కా పెట్టాలని సరదాగా ఉంటే కిందిభాగానికి సరిపెట్టుకోవాలి.

నుదురు ఏం పాపం చేసింది?

ఒకప్పటి కార్లలో డాష్‌బోర్డంటే ఇనుప రేకే. గుద్దుకుంటే తల పగిలేది. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1956 మోడళ్లకి మెత్తటి డాష్‌బోర్డుని ప్రత్యేకంగా అమ్మింది. 1968 నుంచి అక్కడ కారు లోపలి భాగాలు తలకి ఎంత దెబ్బ తగిలిస్తాయో పరీక్షించడం తప్పనిసరైంది. యూరప్ నిబంధనల ప్రకారం తల తగిలే చోట ఏ అంచూ పదునుగా ఉండకూడదు, కనీసం 2.5 మిల్లీమీటర్ల గుండ్రదనం ఉండాలి.

ఇంట్లో చేసిన బండికి ఎయిర్‌బ్యాగులు ఉండవు. కాబట్టి సీటు బెల్టు తర్వాత కాపాడాల్సింది డాష్‌బోర్డే. గాజుపలకలు, పెళుసైన యాక్రిలిక్, విరిగితే చీలికలయ్యే పలచటి చెక్క... వీటిని తల తగిలే చోటికి రానివ్వకూడదు. అంటుకుంటే గుప్పున మండే మామూలు సోఫా స్పాంజీ కూడా వద్దు. వైర్లన్నీ దాని వెనకాలే కదా ఉండేది! కారు లోపలి సామగ్రి మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లకి మించి పాకకూడదని అమెరికా నిబంధన. వాహనాల కోసమే చేసిన ఫోమ్, రెగ్జిన్ అడిగి తీసుకోవడం మేలు.

మరి దేంతో చేయాలి?

సులువైన దారి... నీటికి చెడని ఐఎస్ 710 రకం ప్లైవుడ్ గానీ, రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు గానీ అడుగున. దానిమీద మూసుకున్న గదులుండే గట్టి ఫోమ్. పైన మెరుపు లేని నల్ల రెగ్జిన్. అతికించడానికి వేడిని తట్టుకునే రబ్బరు జిగురు. వంపులు కావాలంటే ఫైబర్‌గ్లాస్ మంచిది. దాన్ని సాన పట్టేటప్పుడు వచ్చే ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ముక్కుకి మాస్కు, చేతికి తొడుగులు తప్పనిసరి.

మన వైపు ఇంకో ఆశ కూడా ఉంది... ఎర్రచందనం! ఏర్పేడు దగ్గరి మాధవమాల కళాకారుల చెక్క బొమ్మలు చూసినవారికి ‘డాష్‌బోర్డు అలా ఉంటేనా’ అనిపించడం సహజం. కానీ సరైన పత్రాలు లేని ఎర్రచందనం దుంగే కాదు, చెక్కని దగ్గర పెట్టుకున్నా కేసే. చవగ్గా ఇస్తామన్నవాళ్ల దగ్గర కొనకపోవడం మంచిది. టేకు పలకకి మెరుపులేని పూత వేసి కింద వాడుకుంటే సరదా తీరుతుంది, చిక్కూ ఉండదు.

ఇంత చేసినా ఆ బండిని తిరుపతి వీధుల్లోకి తీసుకెళ్లొచ్చా అంటే... కుదరదు. పరీక్షా సంస్థ ఆమోదం లేని వాహనానికి రిజిస్ట్రేషన్ దొరకదు. ఉన్న బండినైనా కంపెనీ నిర్దేశించిన దానికి విరుద్ధంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సొంత బండి కాలేజీ ఆవరణకీ, పోటీ మైదానానికీ, మామిడి తోటకే పరిమితం.

షోరూం నుంచి కారు తెచ్చుకున్నవాళ్లకీ ఈ మూడు పరీక్షలూ వర్తిస్తాయి. కొత్త కారు రాగానే మెరుపు పాలిష్ పట్టిస్తారు, అంటే కన్ను పరీక్ష పోయినట్టే. ఆ తర్వాత గట్టి జిగురుతో వెంకన్న విగ్రహాన్ని అంటిస్తారు. ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులుండాలన్న నిబంధన 2021లో వచ్చింది. ఎడమవైపు బ్యాగు దాగి ఉండేది డాష్‌బోర్డు లోపలే. అది కనురెప్పపాటులో పేలినట్టు తెరుచుకుంటుంది. దాని మూత మీద ఉన్నది లోహపు విగ్రహమైనా, గాజు అత్తరు సీసా అయినా ఎదురుగా కూర్చున్నవారి ముఖం మీదికే దూసుకొస్తుంది. ఆ మూత మీద ‘ఎయిర్‌బ్యాగ్’ అని ఇంగ్లిషు అక్షరాల్లో రాసి ఉంటుంది. స్వామిని అక్కణ్నుంచి పక్కకి జరిపి, చిన్న మెత్తటి బొమ్మగానో పలచటి పటంగానో పెట్టుకుంటే చాలు. భక్తికి లోటేమీ రాదు.