గ్రామసభలో చదివితే నిలవాలి

స్వచ్ఛంద సంస్థల నివేదికలు, ప్రభుత్వ పథకాల వార్షిక పుస్తకాలు తిరగేసేవాళ్లకు ఒక వాక్యం పదేపదే ఎదురవుతుంది: ఫలానా జిల్లాలో ఇంతమంది మహిళలకు శిక్షణ ఇచ్చాం. ఆ శిక్షణ తర్వాత ఎవరు ఏ పని మొదలుపెట్టారు, ఎవరి సంపాదన పెరిగింది, ఎవరు మధ్యలో మానేశారు, ఎందుకు మానేశారు? ఆ సంగతులు ఏ పేజీలోనూ దొరకవు. హాజరు పట్టీ ఉంటుంది, ఫొటోలుంటాయి, ఖర్చుల పట్టిక ఉంటుంది. చేసిన పని రాసి, దానివల్ల వచ్చిన మార్పు వదిలేస్తే అది మూల్యాంకనం కాదు.

పనికీ ఫలితానికీ మధ్య దూరం ఎంతో మరుగుదొడ్ల లెక్క చెబుతుంది. 2019 అక్టోబరు 2న గ్రామీణ భారతంలో బహిరంగ మలవిసర్జన లేదని ప్రకటించారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మాత్రం దేశంలో 19 శాతం కుటుంబాలు ఏ మరుగుదొడ్డీ వాడటం లేదని తేల్చింది. సర్వేలో కొంత భాగం ప్రకటనకు ముందే జరిగిన మాట నిజమే, కానీ అంత తేడా దానితోనే తీరదు. ఒక లెక్క కట్టిన గదులను చూసింది. రెండోది ఎక్కడికి వెళ్తున్నారని ఇంట్లోవాళ్లను అడిగింది. నీళ్లు లేక కట్టెలు పేర్చుకున్న గది కూడా మొదటి లెక్కలో విజయమే.

మరి మంచి నివేదిక ఎలా ఉంటుంది? దాన్ని వెతుక్కుంటూ మనం దూరం వెళ్లనక్కర్లేదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. పనులపై గ్రామసభ సామాజిక తనిఖీ జరపాలని ఆ పథకపు చట్టంలోని 17వ సెక్షన్ చెప్పింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1990లలో నడిపిన బహిరంగ విచారణలే ఆ ఆలోచనకు మూలం. చాలా రాష్ట్రాల్లో ఆ సెక్షన్ కాగితం మీదే ఉండిపోయిన రోజుల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని ఊరూరా అమలు చేసింది, 2009లో అందుకోసమే ఒక సొసైటీని ఏర్పాటు చేసింది.

ఆ తనిఖీ నడిచే తీరులోనే నివేదిక రాసేవాళ్లు నేర్చుకోవాల్సింది చాలా ఉంది. కూలి కుటుంబాల్లో చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇస్తారు. వాళ్లు మస్టర్ రోల్ (హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ వెళ్తారు. అమ్మా, ఇన్ని రోజులు పనికొచ్చావని ఇక్కడుంది, వచ్చావా? చేతికెంత అందింది? ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) రాసిన కొలతలు సరేనా కాదా చూడటానికి టేపు పట్టుకుని చెరువు గట్టెక్కుతారు. తేలిన సంగతులు గ్రామసభలో చదువుతారు, ఆపైన మండలంలో ప్రజా వేదిక జరుగుతుంది. ఫీల్డ్ అసిస్టెంట్, టెక్నికల్ అసిస్టెంట్ అందరి ముందు జవాబు చెప్పాలి. చచ్చిపోయినవాళ్ల పేరున హాజరు పడితే ఎవరూ వెతకనక్కర్లేదు, వింటున్నవాళ్లే లేచి చెబుతారు. నివేదికకు అంతకంటే గట్టి పరీక్ష నాకు తెలియదు.

అయితే ఆ నివేదికలు చేయలేకపోయినదేమిటో కూడా చెప్పాలి. ఆర్థికవేత్తలు ఫర్జానా ఆఫ్రిది, వేగార్డ్ ఇవెర్సెన్ ఉమ్మడి రాష్ట్రంలోని తనిఖీ నివేదికలను వరసగా పరిశీలించారు. తప్పులు పట్టుకోవడంలో తనిఖీ గట్టిదే, మళ్లీ జరగకుండా ఆపడంలో మాత్రం బలహీనమని తేల్చారు. కూలీల లెక్కల మీద చూపు పడితే మెటీరియల్ బిల్లుల్లో అక్రమాలు పెరిగాయి. పట్టుబడినవాళ్ల మీద చర్యలు అంతంతమాత్రమే. కాబట్టి సిఫార్సు అన్నాక అందులో ఏ అధికారి, ఏ తేదీలోగా, ఏం చేయాలో ఉండాలి. ‘సమన్వయం మెరుగుపరచాలి’, ‘అవగాహన పెంచాలి’ వంటి వాక్యాలను నేనైతే కొట్టేస్తాను. వాటిని చదివి రేపు పొద్దున పని మొదలుపెట్టగలిగే మనిషి ఎవరూ లేరు.

తనిఖీ ఒక్కటే సరిపోదు. మార్పు పథకం వల్లే వచ్చిందా, పథకం లేకపోయినా వచ్చేదా అన్నది తేలాలంటే పోలిక కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి, పింఛన్లు స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వాలనుకున్నప్పుడు ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది 8 జిల్లాల్లో లాటరీ పద్ధతిన నిర్ణయించారు. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం రెండు రకాల మండలాలనూ పోల్చి చూసింది. కార్డులు వచ్చినచోట డబ్బు త్వరగా అందింది, మధ్యలో కారిపోవడం తగ్గింది. కార్డే నయమని అత్యధికులు చెప్పారు. పై అధికారుల చెవిన పడుతున్నవి మాత్రం ఎక్కువగా ఫిర్యాదులే. ఇబ్బంది పడినవాడు, ఆదాయం పోయినవాడు గొంతెత్తుతాడు. వేళకు కూలి అందుకున్న మనిషి మండలాఫీసుకు వచ్చి ఆ మాట చెప్పడు. అడిగి రాసేవాళ్లు లేకపోతే ఆ మాట ఎప్పటికీ పైకి చేరదు.

ఇక నివేదిక వచ్చే వేళ సంగతి. ప్రాజెక్టు ముగిసి ఆఫీసు ఖాళీ చేశాక వచ్చే నివేదిక ఎవరికి? మన కరవు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో నడిచిన రైతుల భూగర్భ జల ప్రాజెక్టులో రైతులే బావుల్లో నీటిమట్టం కొలిచారు, వాన కొలిచారు. రబీ విత్తనాలు వేసే ముందే ఊళ్లో కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకుంటున్న పంటలకు కావలసినవెన్ని అని లెక్క కట్టారు. వరి వేయొద్దని వాళ్లకు ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. లెక్క చూసుకుని ఏం వేయాలో వాళ్లే నిర్ణయించుకున్నారు. పర్యవేక్షణ అన్న మాటకు నేను మనసారా ఒప్పుకునే అర్థం అదే.

ఇంత తెలిసీ నివేదికలన్నీ శుభవార్తలుగానే ఎందుకొస్తాయి? తప్పు రాసేవాళ్లది కాదు, రాయించుకునేవాళ్లే మారాలి. విఫలమైందని నిజం చెబితే రెండో విడత డబ్బు ఆగిపోతుందని తెలిసిన కార్యకర్త ఎలా రాస్తాడు? నిధులిచ్చే ప్రభుత్వ శాఖలు, కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) విభాగాలు, విదేశీ దాతలు ఒప్పందంలోనే రెండు షరతులు పెట్టొచ్చు. ఏది కుదరలేదో, ఎందుకు కుదరలేదో రాసిన అధ్యాయం లేని నివేదికను తీసుకోకూడదు. అలాగే, తుది ప్రతి అచ్చయ్యే ముందు రెండు పేజీల తెలుగు సారాంశాన్ని, గిరిజన గూడెమైతే వాళ్ల భాషలో, ఆ ఊళ్లోనే చదివి వినిపించాలి. అక్కడ లేచిన అభ్యంతరాలను దిద్దకుండా, కత్తిరించకుండా నివేదికకు జతచేయాలి. డబ్బిచ్చినవాళ్లు సమీక్షకు కూర్చున్నప్పుడు ముందుగా ఆ అభ్యంతరాల పేజీ తెరవాలి.