ఎంఏ ఎడ్యుకేషన్ పట్టా వస్తే పంతులు ఉద్యోగం వస్తుందా?

మనామా: 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 టీచరు పోస్టులకు మెగా డీఎస్సీ ప్రకటన వెలువడిన వారం మా క్యాంపులో రాత్రి భోజనాల దగ్గర వేరే ముచ్చటే లేదు. అంతకు ముందు ఏడాది తెలంగాణలో 11,062 పోస్టులకు డీఎస్సీ జరిగినప్పుడూ ఇదే సందడి. వయోపరిమితి తెలంగాణలో 46, ఏపీలో 44 అని తెలిసేసరికి ముప్పై అయిదు దాటిన మావోళ్లకు ప్రాణం లేచొచ్చినట్టయింది. అందరి చూపూ మా ముగ్గురి మీద పడింది. "మీకేం అన్నా, పట్టా చేతికి రాగానే బడిపంతులు. మేమే ఈ ఇసుకల పడి ఉంటాం" అన్నాడు పక్క గది జగిత్యాల తమ్ముడు.

మేం ముగ్గురం సివిల్ డిప్లొమా చేసి ఇక్కడ సైట్ సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్నవాళ్లం. ఉద్యోగం చేస్తూనే సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా డిగ్రీ పూర్తిచేసి, ఇప్పుడు దూరవిద్యలో ఎంఏ ఎడ్యుకేషన్ చదువుతున్నాం. ఆ తమ్ముడికి ఆ రాత్రి చెప్పిన జవాబే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాం. ఎందుకంటే ఈ ప్రశ్న ఒక్క మా క్యాంపుది కాదు. సల్మాబాద్ నుంచి సిత్రా దాకా మనవాళ్లు ఉన్న ప్రతి గదిలోనూ ఎవరో ఒకరు ఏదో ఒక చదువుకు ఫీజు కడుతూనే ఉన్నారు.

ముందు అసలు సంగతి. ఎంఏ ఎడ్యుకేషన్ పట్టాతో బడిలో టీచరు ఉద్యోగం రాదు. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంటు పోస్టుకు సంబంధిత సబ్జెక్టులో డిగ్రీ, బీఈడీ, టెట్ కావాలి. సెకండరీ గ్రేడ్ టీచరుకు డీఈడీ కావాలి. ప్రాథమిక తరగతులకు బీఈడీ కూడా పనికిరాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తేల్చేసింది. బీఈడీ వాళ్లకే ఆ తలుపు మూసుకుంటే, బీఈడీ లేని ఎంఏ ఎడ్యుకేషన్ వాళ్ల సంగతి చెప్పేదేముంది? పేరులో 'ఎడ్యుకేషన్' ఉంది కదా అని చాలామంది దీన్నీ ఎంఈడీనీ ఒకటే అనుకుంటారు. ఎంఈడీ అనేది బీఈడీ లాంటి శిక్షణ అయినవాళ్లు తరగతులకు వెళ్లి చదివేది. ఎంఏ ఎడ్యుకేషన్‌లో ఏ డిగ్రీ ఉన్నా చేరవచ్చు. ఇగ్నోలో అయితే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా నాలుగేళ్లలో పూర్తిచేయాలి. ఇంగ్లిషు, హిందీ మాధ్యమాలే ఉన్నాయి, తెలుగు లేదు. దానితో యూజీసీ నెట్ రాసుకోవచ్చు, పరిశోధనకు వెళ్లవచ్చు. టీచర్లను తయారుచేసే కళాశాలల్లో కొలువు కావాలన్నా బీఈడీ కూడా ఉందా అని అడుగుతారు.

సరే, ఆ బీఈడీనే దూరవిద్యలో చదివేద్దాం అంటారు కొందరు. అది మనలాంటి వాళ్ల కోసం పెట్టింది కాదు. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనల ప్రకారం, ప్రాథమిక స్థాయిలో శిక్షణ పొంది పనిచేస్తున్న టీచర్లకు, లేదంటే గుర్తింపు ఉన్న ఏదైనా ఉపాధ్యాయ శిక్షణను నేరుగా తరగతులకు వెళ్లి పూర్తిచేసిన వాళ్లకు మాత్రమే దూరవిద్య బీఈడీలో ప్రవేశం. కాంక్రీటు పోయించే సూపర్‌వైజర్‌కు ఎన్నేళ్ల అనుభవం ఉన్నా ఆ దారి లేదు.

మరి ఎంఏ ఎడ్యుకేషన్ ఎవరికి నిజంగా ఉపయోగం? మా లెక్కలో మొదటి వరుస మన ఆడపడుచులది. భర్తతోపాటు ఫ్యామిలీ వీసా మీద వచ్చి ఇక్కడి భారతీయ పాఠశాలల్లో పాఠాలు చెబుతున్న తెలుగు ఆడవాళ్లు ఉన్నారు. 1950లో మొదలైన ఇండియన్ స్కూల్ నుంచి నిన్నమొన్న వచ్చిన బడుల దాకా సీబీఎస్ఈ చదువులు చెప్పేవి ఇక్కడ చాలానే ఉన్నాయి. ఊళ్లో బీఈడీ చేసి వచ్చినవాళ్లకు ఆపైన ఈ ఎంఏ తోడైతే కోఆర్డినేటరు వంటి పైమెట్టుకు ఎక్కేటప్పుడు ఉపయోగపడుతుంది, ఇంటికి తిరిగి వెళ్లాక కూడా అక్కరకొస్తుంది. అలాంటి అక్కలు, చెల్లెళ్లు ఉంటే తప్పకుండా చేరమనే మా సలహా.

మోసం ఎక్కడ జరుగుతోంది

శుక్రవారం మధ్యాహ్నం క్యాంపుకు ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చే మనిషిని చాలామంది చూసే ఉంటారు. ఒక కంపెనీ పేరున్న కార్డు ఇస్తాడు. డిప్లొమా ఉంటే చాలు, ఏడాదిన్నరలో బీటెక్, పరీక్ష రాయనక్కర్లేదు, వాయిదాల్లో కట్టొచ్చు అంటాడు. మా ముగ్గురిలో ఒకరం 2014లో ఈ మాట నమ్మినవాళ్లమే. 180 దినార్లు కట్టాం. ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బు, చిట్టీ డబ్బు అన్నీ కలిపి. పట్టా వచ్చింది, బంగారు రంగు ముద్రతో. ఇంజినీరు హోదాకు పెట్టుకుంటే కంపెనీ ఆఫీసులో తీసి పక్కన పెట్టారు. ఇంకోసారి చూపిస్తే ఉద్యోగానికే ముప్పు అని సైగ చేశారు. ఊళ్లో నాన్నకు మాత్రం ఇంజినీరు అయ్యామనే చెప్పుకున్నాం. ఆ అబద్ధాన్ని ఇప్పటికీ దిద్దలేదు.

ఇది ఒక్కరి అమాయకత్వం అనుకుంటే పొరపాటు. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద సుప్రీంకోర్టు 2017 నవంబరు 3న తీర్పు ఇచ్చింది. 2001-05 మధ్య చేరినవాళ్ల డిగ్రీలను నిలిపివేసి, ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతేనే చెల్లుతాయంది. ఆ తర్వాత చేరినవాళ్లవి రద్దు. అంటే పదేళ్లకు పైగా ఆ డిగ్రీ మీద ప్రమోషన్లు తీసుకున్నవాళ్లు కూడా ఒక్క పూటలో మళ్లీ మొదటికొచ్చారు. మరుసటి ఏడాది, 2018లో, కువైట్‌లో ఇంకో దెబ్బ పడింది. అక్కడి ఇంజినీర్ల సంఘం ఆమోదం ఉంటేనే ఇంజినీరుగా అకామా అన్నారు. ఆ సంఘమేమో ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న కాలేజీల డిగ్రీలనే చూస్తానంది. రోజూ కాలేజీకి వెళ్లి నాలుగేళ్లు చదివినవాళ్లు కూడా కాలేజీకి ఆ గుర్తింపు లేదని ఇబ్బంది పడ్డారు. అసలు డిగ్రీకే ఆ గతి పడితే మన బంగారు ముద్ర పట్టాకు దిక్కెవరు?

ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. "అపోస్టిల్ అయిపోయింది కదా, ఇంకేం భయం" అంటుంటారు. భారత్ 2005 నుంచి, బహ్రెయిన్ 2013 చివరి నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి ఆ ముద్ర ఇక్కడ చెల్లుతుంది, నిజమే. కానీ అది చెప్పేది కాగితం మీది సంతకం, సీలు అసలువే అని. ఆ చదువుకు గుర్తింపు ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న, దానికి అపోస్టిల్ జవాబివ్వదు.

గుర్తింపు చూసుకోవడం ఇప్పుడు మునుపటి కంటే తేలిక. యూజీసీలో దూరవిద్యా బ్యూరో అని ఒక విభాగం ఉంది. ఏ విశ్వవిద్యాలయం ఏ సంవత్సరం ఏ కోర్సు దూరవిద్యలో నడపవచ్చో వాళ్లు జాబితా పెడతారు. విశ్వవిద్యాలయం పేరు ఒక్కటే చూస్తే సరిపోదు. కోర్సు, చేరే సంవత్సరం కూడా అందులో ఉండాలి. ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్ లాంటివి దూరవిద్యలో అసలుకే లేవు. కాబట్టి దూరవిద్యలో బీటెక్ అన్న మాట వినబడగానే ఆ మనిషికి టీ పోసి పంపించేయండి. జాబితాలో ఉన్న దూరవిద్య డిగ్రీ మాత్రం కాలేజీ డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో స్పష్టం చేసింది.

2024 సెప్టెంబరు నుంచి ఇంకో మెలిక వచ్చింది. దూరవిద్యలో చేరే ప్రతి విద్యార్థీ ముందుగా డెబ్-ఐడీ తీసుకోవాలి. దానికి ఏబీసీ నంబరు కావాలి, ఏబీసీకి డిజీలాకర్, డిజీలాకర్‌కు ఆధార్. ఓటీపీ వచ్చేది ఆధార్‌కు కలిపిన ఇండియా ఫోన్ నంబరుకు. మనం వచ్చిన కొత్తలో ఆ సిమ్ము పక్కన పడేశాం, రీచార్జి చేయక ఏనాడో పోయింది. మాలో ఒకరం ఒక ప్రవేశ గడువు మొత్తం దీని వల్లే పోగొట్టుకున్నాం. సెలవుపై ఇంటికెళ్లినప్పుడు మీసేవకు వెళ్లి ఆధార్‌లో నంబరు సరిచేయించుకొని, ఆ సిమ్ముకు నెలనెలా ఏదో ఒక రీచార్జి చేయించండి. చదువు కోసమే కాదు, బ్యాంకుకూ అదే దిక్కు.

ఎప్పుడు చదవాలి

ఇక్కడి కార్మిక చట్టం (2012 నాటి 36వ నంబరు) వారానికి 48 గంటల పని అంటుంది. ఓవర్‌టైం కలిస్తే ఎంతో మీకు తెలిసిందే. ప్రభుత్వ ఆఫీసులకు 2006 నుంచి శుక్ర, శనివారాలు సెలవు. సైటు మీద మాకు శుక్రవారం ఒక్కటే. అందులో బట్టలు, సరుకులు, ఇంటికి ఫోను, గదిలో వంట వంతు. పుస్తకం తెరిచేసరికి రాత్రి పది. పైబంకు మీద వాళ్లు లైటు తీయమంటారు, వాళ్ల తప్పేం లేదు, నాలుగింటికి లేవాలి.

మాకు దొరికిన సమయం ఎండాకాలం మధ్యాహ్నం. 2007 నుంచి బహ్రెయిన్‌లో జులై, ఆగస్టు నెలల్లో పన్నెండు నుంచి నాలుగు దాకా బయట పని నిషేధం. 2025 నుంచి దాన్ని జూన్ 15 - సెప్టెంబరు 15 మూడు నెలలకు పెంచారు. పని తెల్లారకముందే మొదలుపెట్టి పన్నెండుకు ఆపే రోజుల్లో మేం పోర్టా క్యాబిన్‌లో ఏసీ కింద డ్రాయింగులు పక్కకు జరిపి నోట్సు రాసుకుంటాం. ఇగ్నో లాంటి చోట అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం మార్కులు. ఆ 30 శాతం వేసవి మధ్యాహ్నాల్లో తెచ్చుకున్నవే.

పరీక్షలు ఏటా జూన్, డిసెంబరుల్లో. అందుబాటులో కేంద్రం దొరక్కపోతే రెండేళ్లకోసారి వచ్చే సెలవును పరీక్షలకే సర్దుకోవాలి. మాలో ఒకరం పోయినసారి ఊరికెళ్లింది పరీక్షల కోసమే. ముప్పై అయిదు రోజుల సెలవులో పందొమ్మిది రోజులు హైదరాబాద్‌లో గది తీసుకొని ఉన్నాం. చిన్నది "నాన్న వచ్చిండా, పరీక్షకు వచ్చిండా" అని అమ్మను అడిగిందట. చేరాలనుకునేవాళ్లు ఫీజు లెక్కతోపాటు ఈ లెక్కా వేసుకోవాలి.

ఇంత చేసి ఉద్యోగం రాని చదువెందుకని మీరు అడగవచ్చు. మా ఇళ్లలోనూ అడుగుతున్నారు. సైటు మీద మేం చేసే పనిలో సగం పాఠం చెప్పడమే. రోజూ పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో కరీంనగర్ వాళ్లు, నేపాలీలు, బంగ్లాదేశ్ వాళ్లు నిలబడితే వచ్చీరాని హిందీలో బెల్టు ఎక్కడ తగిలించాలో చెబుతాం. తలకాయ ఊపుతారు. అర్థమైందో లేదో పైకెక్కాకే తెలుస్తుంది. కవర్ బ్లాక్ ఎందుకు పెట్టాలో తెలియని కుర్రాడు మనం అటు తిరగగానే తీసేస్తాడు. ఎంఏ పుస్తకాల్లో వయోజనులకు చదువు చెప్పడం గురించిన పాఠం చదివాక మా పద్ధతిలో తప్పు మాకే తెలిసింది. పావ్లో ఫ్రెయిరీ 1963లో బ్రెజిల్‌లోని ఆంజికోస్‌లో దాదాపు 300 మంది కూలీలకు 40 గంటల్లో చదవడం నేర్పించాడట. అక్షరమాలతో కాక, వాళ్ల బతుకులోని మాటలతో మొదలుపెట్టే పద్ధతి ఆయనది. అందులో ఆయన వాడిన ఒక మాట 'ఇటుక'. ఆ పేజీ దగ్గర మేం ముగ్గురం కాసేపు ఆగిపోయాం.

అయితే ఊరికెళ్లాక పాఠం చెప్పే కొలువే కావాలంటే, డిప్లొమా ఉన్న మనకు ఎంఏ కన్నా దగ్గరి దారి ఐటీఐ. అక్కడ బోధకుడికి ట్రేడులో డిప్లొమా లేదా ఐటీఐ, పని అనుభవం, దానిపై సీఐటీఎస్ అనే ఏడాది బోధకుల శిక్షణ చూస్తారు. ఆ శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ హైదరాబాద్ విద్యానగర్‌లో ఉంది. మీ ట్రేడు అక్కడ ఉందో, వేరే ఊళ్లో ఉందో ముందే అడిగి తెలుసుకోవాలి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలైంది. యంత్రాలు వస్తున్నాయి సరే, పదిహేనేళ్లు గల్ఫ్ సైట్లలో చేయి తిరిగిన మనిషిని బోధకుడిగా తీసుకునే ఏర్పాటు కూడా ఉండాలి కదా? మేస్త్రీలకు, బార్ బెండర్లకు శిక్షణ ఇచ్చే జాతీయ నిర్మాణ అకాడమీ 1998 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. ఎన్నికలప్పుడు గల్ఫ్ కార్మికుల సంక్షేమం గురించి మాట్లాడే నాయకులు, తిరిగొచ్చిన సూపర్‌వైజర్ల అనుభవానికి సర్టిఫికెట్ ఇప్పించి ఇలాంటి చోట్ల కొన్ని పోస్టులు కేటాయించే మాట మాత్రం ఎత్తరు. నష్టపరిహారం అడగడానికి సంఘాలున్నాయి. ఈ సంగతి అడగడానికి ఇంకా ఎవరూ లేరు.

మా ముగ్గురిలో ఒకరం ఎంఏ మొదటి సంవత్సరంతో ఆపేసి సీఐటీఎస్ వివరాలు తెప్పించుకుంటున్నాం. వీసా గడువు అయిపోగానే ఊరికి ప్రయాణం. మిగతా ఇద్దరం డిసెంబరు పరీక్షకు కూర్చుంటున్నాం. జగిత్యాల తమ్ముడు పంతులు ఉద్యోగం మాట మానేశాడు కానీ, డ్రాయింగు చదవడం నేర్పమని వెంటపడ్డాడు. రెండు శుక్రవారాలుగా మా గదిలో గోడకు ఒక పాత ఫౌండేషన్ షీటు అంటించి ఉంది. మొన్న ఇంకో నలుగురిని వెంటేసుకొని వచ్చాడు.