ఉచిత కరెంటు మన హక్కు, ఉచిత బస్సు మాత్రం దండగనా?

కొంచెం పొడుగు పోస్టు. తిట్టాలనుకుంటే తిట్టండి గానీ, చివరిదాకా చదివి తిట్టండి.

మొన్న టీ అంగడి కాడ మనోళ్లే నలుగురు మాట్లాడుకుంటాండారు. "ఆడోళ్లకు బస్సు ఊరికే పెట్టినాక పనీపాటా లేకుండా పులివెందులకు, ప్రొద్దుటూరికి తిరుగుతాండారు. మన పన్నుల డబ్బంతా దండగ" అని. ఆ మాట అన్న అన్నకు రెండు బోర్లు ఉండాయి. ఒక్కదానికి కూడా కరెంటు బిల్లు కట్టే పనిలేదు. పెద్దాయన కదా అని ఆడ ఊరుకున్నా. ఈడ అడుగుతాండా.

2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రి అయినాక తొలి సంతకం రైతుల ఉచిత కరెంటు ఫైలు మీద పెట్టినారు. అప్పుడు పట్నాలోళ్లు కొందరు ఏమన్నారు? ఊరికే ఇస్తే రైతులు సోమరులవుతారు, ఖజానా ఖాళీ అవుతుంది అన్నారు. మనకు ఎంత మండింది! ఇప్పుడు అదే మాట మన ఇంటి ఆడోళ్లను మనమే అంటాండాం. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఐదు రకాల బస్సుల్లో ఆడోళ్లకు టికెట్ తీసేసినారు. కరెంటు పెట్టింది ఒక పార్టీ, బస్సు పెట్టింది ఇంకో పార్టీ. పార్టీని బట్టి న్యాయం మారుతుందా?

"మన పన్నుల డబ్బు" అంటాండారు కదా, సరే, లెక్క చూద్దాం. వ్యవసాయ ఆదాయానికి మనం ఆదాయపన్ను కట్టం. అయినా ట్రాక్టర్‌లో పోసే ప్రతి లీటరు డీజిల్ మీద రాష్ట్రానికి వ్యాట్ కడతాండాం, దాని మీద రోడ్డు సెస్సు అదనం. పురుగుమందు డబ్బా మీద జీఎస్టీ 18 శాతం. కూలికిపోయే అక్క కొనే సబ్బు మీద కూడా పన్ను ఉంది. అంటే ఆమె బస్సు ఖర్చులో ఆమె డబ్బు కూడా ఉంది. ఎవురి దగ్గరా దానం తీసుకోవడం లేదు.

ఇంక "తిరుగుతాండారు" అన్న మాట. తిరిగితే ఏం? మన మగోళ్లు పులివెందులకు పోయి హోటల్లో దోసె తిని వస్తే దాన్ని పని అంటాం. మా ఇంటామె షుగరు చూపించుకోను పోవాలంటే ముందు నన్ను డబ్బులు అడగాల్సి వచ్చేది. ఆటోకు పోను ముప్పై, రాను ముప్పై. శనగ అమ్మినాక పోదాంలే అని నేనే రెండు నెలలు వాయిదా వేసినా. ఆ రెండు నెలల్లో కాలికి పుండు ముదిరింది. తప్పు నాదే. ఇప్పుడు ఆధార్ కార్డు పట్టుకుని ఆమే పోయి వస్తాంది, నన్ను అడగదు. దండగ అనేవాళ్లు ఈ లెక్క ఏ పద్దులో రాస్తారో చెప్పాల.

ఊరికే ఇస్తే దుబారా అవుతుంది అనేదాంట్లో కొంత నిజం ఉంది. మన బోర్లే సాక్ష్యం. కరెంటు ఊరికే అని ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టి వదిలేసినాం, నీళ్లు అడుక్కి పోయినాయి. కానీ తోడిన నీళ్లు మళ్లా రావు. బస్సు అట్ల కాదు. ఖాళీ సీటుతో పోయినా డీజిల్ అంతే కాలుతుంది. ఆ సీట్లో ఒక మనిషి కూచుంటే నష్టం ఏముంది? జనం పెరిగితే బస్సులు పెంచాల, దానికి డబ్బు కావాల. అది ఒప్పుకుంటా.

నా అసలు బాధ ఇది. టికెట్ ఊరికే, బస్సు యాడ? ముద్దనూరు–పులివెందుల రోడ్డు మీద ఉన్నోళ్లకు పర్వాలేదు. రోడ్డుకు రెండు మూడు కిలోమీటర్లు లోపల ఉన్న ఊర్ల సంగతేంది? బస్సు రాని ఊరికి ఉచిత టికెట్టు, కరెంటు రాని బోరుకు ఉచిత కరెంటు, రెండూ ఒకటే. కరెంటు రాత్రిపూట ఇస్తే, పాములు తేళ్లకు భయపడి పగలు ఇయ్యమని కొట్లాడినాం. ఊరికే ఇస్తాండారు కదా అని నోరు మూసుకోలేదు. బస్సుకు కూడా అట్లనే కొట్లాడాల.

లగ్జెంబర్గ్ అని ఒక దేశం ఉంది. మన కడప జిల్లా జనంలో సగం కూడా లేరు ఆడ. 2020లో బస్సులు, రైళ్లు అందరికీ ఊరికే చేసినారు, ఆడ మగ తేడా లేదు. బాగా డబ్బున్న దేశం, నిజమే. కానీ వాళ్లు టికెట్ తీసేయడంతో ఆగలేదు, రైలుదారులకూ ట్రాములకూ బాగా ఖర్చు పెడతాండారు. మనం నేర్చుకోవాల్సింది అది.

మగోళ్లకు కూడా ఊరికే కావాలనే పోట్లాట నాకొద్దు. నా టికెట్ నేను కొనుక్కుంటా. అరవై దాటిన ముసలోళ్లకు మాత్రం పల్లెవెలుగులో పూర్తిగా ఊరికే ఇయ్యాల, ఇప్పుడుండే రాయితీ చాలదు. ఆటో డ్రైవర్లకు ఏడాదికి 15 వేలు ఇస్తాండారు, మంచిదే. వాళ్లూ మన పిల్లోళ్లే.

అక్కలారా, ఒక మాట గట్టిగా చెప్తాండా. బస్సు ఎక్కితే సున్నా టికెట్ అడిగి తీసుకోండి. ఊరికే కదా, కాగితం ఎందుకులే అని వదిలేయొద్దండి. ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టేది ఆ టికెట్ల లెక్క చూసే. పల్లెకు బస్సు ఆపేటప్పుడు ఎప్పుడూ చెప్పే మాట "కలెక్షన్ లేదు" అని. మీ టికెట్టే మన ఊరి కలెక్షన్. అది లేకపోతే రేపు మీ ఊర్లో ఎవురూ ఎక్కలేదు అంటారు.

వచ్చే గ్రామసభలో ప్రతి ఊరు ఒక తీర్మానం రాయాల: పొద్దున పిల్లోళ్లు బడికి పోయే టయానికి ఒక బస్సు, సాయంత్రం తిరిగొచ్చేదానికి ఒక బస్సు. అన్ని పార్టీలోళ్లూ సంతకం పెట్టాల. మీ ఊరికి రోజుకు ఎన్నిసార్లు బస్సు వస్తాందో, ఏ టయానికి వస్తాందో కింద రాయండి. అన్నీ ఒక కాగితం మీద రాసి డిపోకు నేనే తీసుకపోతా.

ఇంక టీ అంగడి కాడ ఉన్న అన్నకు: అన్నా, ఈసారి దండగ అనేముందు నీ బోరు కాడికి పోయి మోటార్ శబ్దం ఒకసారి విను.