నేరస్థుడి బాల్యం సాక్ష్యం కాదు

1980ల మధ్యలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, జార్జ్‌టౌన్ జైల్లో ఒక ఖైదీకి అడిగినప్పుడల్లా స్ట్రాబెరీ మిల్క్‌షేక్ అందేది. చాలాసార్లు బేడీలు కూడా ఉండేవి కావు. దేశం నలుమూలల నుంచీ పోలీసులు తేలని హత్య కేసుల ఫైళ్లు చంకన పెట్టుకుని అతని దగ్గరికి వచ్చేవారు. ఫొటోలు చూపిస్తే తానే చంపానని ఒప్పుకునేవాడు, వాళ్లు కేసు మూసేసి ఇంటిదారి పట్టేవారు. అలా మూతపడ్డ కేసులు రెండు వందలు దాటాయి. ఆ ఖైదీ పేరు హెన్రీ లీ లూకాస్.

అంతమంది అంత సులువుగా ఎలా నమ్మారు? మిల్క్‌షేక్ ఆశకు అతను చెప్పాడు సరే, వినేవాళ్లకేమైంది? నా మటుకు నాకు, వాళ్లను నమ్మించింది అతని బాల్యమే. 1936లో వర్జీనియాలో పుట్టాడు. తండ్రి రైలు ప్రమాదంలో కాళ్లు పోగొట్టుకున్న తాగుబోతు. తల్లి ఒళ్లమ్ముకుని బతికేదనీ, కొడుకును చావబాదేదనీ, ఆడపిల్ల బట్టలు తొడిగి బడికి పంపేదనీ కథనం. చిన్నతనంలోనే ఒక కన్ను పోయింది. 1960లో ఆ తల్లినే చంపాడు. పదేళ్లకు, జైళ్లు కిక్కిరిసిపోయాయని వదిలేశారు. ఇంత విన్నాక ఇలాంటివాడు వందమందిని చంపి ఉండడని ఎవరనుకుంటారు?

1983లో తుపాకీ కేసులో దొరికేనాటికి అతను మరో రెండు హత్యలు చేశాడు. హతుల్లో ఒకరు 82 ఏళ్ల వృద్ధురాలు, ఇంకొకరు తనతో తిరిగిన 15 ఏళ్ల పిల్ల. అక్కడి నుంచి లెక్క వందలకు పాకింది. 1985లో ‘డల్లాస్ టైమ్స్ హెరాల్డ్’ విలేకరి హ్యూ ఐన్స్‌వర్త్ చేసిన పని చాలా మామూలుది. ఫలానా రోజున ఇతను ఏ ఊళ్లో ఉన్నాడో జీతాల రికార్డులు, రసీదులు తిరగేసి చూశాడు. ఒకే మనిషి అన్ని చోట్ల ఉండటం అసాధ్యమని తేలింది. ఏ హత్యకు మరణశిక్ష పడిందో, 1979లో జరిగిన ఆ హత్య సమయానికి లూకాస్ ఫ్లోరిడాలో ఇళ్ల పైకప్పుల పని చేస్తున్నట్టు రికార్డులున్నాయి. 150 మందికి పైగా మరణశిక్ష అమలు చేయించిన గవర్నర్ జార్జ్ బుష్, తన హయాంలో యావజ్జీవంగా తగ్గించింది ఈ ఒక్కడి శిక్షనే, 1998లో. లూకాస్ 2001లో జైల్లోనే గుండె ఆగి చనిపోయాడు. అతని ఖాతాలో వేసిన కొన్ని హత్యలు వేరేవాళ్లు చేసినవని తర్వాత డీఎన్‌ఏ పరీక్షల్లో బయటపడింది. అన్నాళ్లూ ఆ హంతకుల కోసం వెతికినవాళ్లు లేరు.

ఇందులో ఒక వింత ఉంది. ఆ బాల్యం కథ కూడా చాలా వరకు లూకాస్ చెప్పుకున్నదే. నేరాల విషయంలో పచ్చి అబద్ధాలకోరని తేలాక కూడా అతని చిన్నతనాన్ని మాత్రం పుస్తకాలు, సినిమాలు పొల్లుపోకుండా నమ్ముతూనే ఉన్నాయి. తల్లిని క్రూరురాలిగా చూపించడం అంత తేలిక. బదులు చెప్పడానికి ఆమె బతికి లేదు.

నేరాంగీకారాన్ని గుడ్డిగా నమ్మే ఈ ప్రమాదాన్ని మన దేశ చట్టం ముందే పసిగట్టింది. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు. మేజిస్ట్రేటు ముందు ఒప్పుకున్నదీ గుడ్డిగా నమ్మరాదని నోయిడాలోని నిఠారీ వరుస హత్యల కేసు నేర్పింది. 2023 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు అలాంటి అంగీకారాన్ని తోసిపుచ్చి, మరణశిక్షలు పడినవారిని ఆ కేసుల్లో నిర్దోషులుగా ప్రకటించింది. నిందితుడి బాల్యానికీ చట్టంలో చోటుంది. మరణశిక్ష విధించే ముందు అతని పెంపకం, కుటుంబం, మానసిక స్థితి వివరాలు కోర్టు ముందుంచాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మరి మన దగ్గర జరుగుతున్నదేమిటి? ముసుగేసిన మనిషిని కెమెరాల ముందు నిలబెట్టి, తల్లి వదిలేసిందని, తండ్రి తాగుబోతని పోలీసులు చెబుతారు. సాయంత్రానికి టీవీలో ‘సైకో కిల్లర్’ అని స్క్రోలింగ్ మొదలవుతుంది. చార్జిషీటు ఇంకా రాయనే రాయలేదు.

పోలీసు అధికారులు నిందితుడి బాల్యం వివరాలను ప్రెస్‌మీట్లలో చెప్పడం మానేయాలి. నేరం రుజువయ్యాక, శిక్ష ఖరారు చేసే న్యాయమూర్తికి వాటిని పూర్తిగా, తనిఖీ చేసి మరీ ఇవ్వాలి.