ఎత్తు దారిలో తొందర తగదు

హిమాలయాలంటే ఒకప్పుడు బదరీ, కేదారం యాత్రలు చేసివచ్చిన పెద్దలు అరుగుల మీద కూర్చుని చెప్పే కబుర్లే మన పల్లెలకు తెలుసు. కాలం మారింది. మోటారు సైకిలు మీద ఆలుమగలిద్దరూ లడఖ్ వెళ్లి రావాలన్న ఉబలాటం పల్లెటూరి యువ దంపతులలోనూ కనిపిస్తోంది. 2009లో విడుదలైన ‘త్రీ ఇడియట్స్’ హిందీ చిత్రం చివర కనిపించే పాంగాంగ్ సరస్సు ఈ మోజును మరింత పెంచింది. కోరిక మంచిదే. కాపురం పెట్టిన ఇద్దరు నాలుగు రోజులు లోకం చూసి రావడాన్ని తప్పు పట్టవలసిన పని లేదు. అయితే అసలు ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో బయలుదేరే వారిలో చాలామందికి తెలియకపోవడమే విచారకరం. లోయలు, మలుపులు కంటికి కనిపిస్తాయి. కనిపించనిది ఎత్తు.

అరకులోయ సముద్రమట్టానికి దాదాపు 3 వేల అడుగుల ఎత్తున ఉంది. తూర్పు కనుమలలో కెల్లా ఎత్తయిన జిందగడ శిఖరం సుమారు 5,500 అడుగులు. లడఖ్‌లోని లేహ్ పట్టణం 11,500 అడుగులు. పాంగాంగ్ సరస్సు దాదాపు 14 వేల అడుగులు. మనాలి-లేహ్ రోడ్డులో దాటవలసిన తంగ్‌లంగ్ లా కనుమ 17 వేల అడుగుల పైమాటే. అంత ఎత్తున గాలి పల్చబడి, ఒక్కో ఊపిరిలో అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందే దానిలో ఇంచుమించు సగమే ఉంటుంది. రోజంతా పొలంలో కాయకష్టం చేసే మనిషికైనా అక్కడ నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. వయసు, కండబలం అక్కడ భరోసా ఇవ్వవు.

శరీరం ఎత్తుకు అలవాటు పడగలదు. దానికి కావలసింది వ్యవధి. 10 వేల అడుగులు దాటిన తరువాత రాత్రి బస చేసే చోటు రోజుకు సుమారు 1,600 అడుగులకు మించి పెరగరాదని వైద్యశాస్త్రం చెబుతోంది. మనాలి 6,700 అడుగులు. పొద్దున అక్కడ బయలుదేరి ఆ రాత్రి సర్చులో గుడారం వేసుకునేవారు 14 వేల అడుగుల ఎత్తున పడుకుంటున్నారు. ఒక్క రోజులో 7 వేల అడుగులు పైకి వెళ్లడం దేహంతో జూదమాడడమే. 2020 అక్టోబరులో ప్రారంభమైన 9 కిలోమీటర్ల అటల్ సొరంగం రోహ్తాంగ్ కనుమ ఎక్కే శ్రమను తప్పించి కొన్ని గంటలు ఆదా చేసింది. శరీరానికి మాత్రం అలాంటి దగ్గరి దారి లేదు.

అందుచేత మొదటిసారి వెళ్లే దంపతులు శ్రీనగర్ మీదుగా వెళ్లి, మనాలి మీదుగా తిరిగి రావడం మేలు. శ్రీనగర్ 5,200 అడుగులు, కార్గిల్ 8,800, ఆపైన లేహ్. మెట్టుమెట్టుగా ఎక్కే దారి ఇది. విమానంలో నేరుగా లేహ్‌లో దిగి అక్కడ బండి అద్దెకు తీసుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఎలా చేరినా లేహ్‌లో కనీసం రెండు రోజులు విశ్రాంతి తీసుకున్నాకనే సరస్సుల వైపు కదలాలి. రక్తపోటు, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. గర్భవతులు ఈ యాత్ర మానుకోవడమే మంచిది.

ఇక్కడే ఇద్దరి సంగతి వస్తుంది. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదటి లక్షణాలు. భర్త సరదా పాడుచేయడమెందుకని భార్య నోరు మెదపదు. భార్య ముందు తేలికైపోతానని భర్త బయటపడడు. ఈ మొహమాటమే ప్రాణం మీదికి తెస్తుంది. కూర్చున్నచోటే ఆయాసం, ఆగని దగ్గు, అడుగు తూలడం, మాట తడబడడం కనిపిస్తే ఊపిరితిత్తులకో, మెదడుకో నీరు పట్టిందని అనుమానించాలి. తెల్లవారే దాకా చూద్దామనుకోరాదు. ఆ క్షణమే కిందికి దిగాలి, ఆస్పత్రికి చేరాలి. ఈ దారిలో ఇద్దరిలో ఎవరికి బాగాలేదో వారి మాటే చెల్లాలి. ఆ ఒప్పందం ఇంటి దగ్గరే చేసుకుని గడప దాటాలి.

మిగిలిన జాగ్రత్తలూ తక్కువేమీ కావు. ఎండ ముదిరేకొద్దీ మంచు కరిగి, రోడ్డుకు అడ్డంగా పారే వాగులు మధ్యాహ్నానికి పొంగుతాయి. వాటిని ఉదయమే దాటాలి. పెట్రోలు బంకులు చాలా దూరదూరంగా ఉంటాయి. చలికి తట్టుకోలేక తలుపులు బిగించిన గదిలోనో, గుడారంలోనో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అతిథులకు మరో బాధ్యత కూడా ఉంది. కరువుసీమగా పేరుపడిన అనంతపురంలో ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల వాన కురుస్తుంది. లేహ్‌లో 10 సెంటీమీటర్లే. అక్కడి రైతు బార్లీ చేను మంచు కరిగిన నీటితోనే పండుతుంది. ఆ నీటిని వంతులవారీగా పంచడానికి మన చెరువుల కింద నీరుగంటి ఉన్నట్టే అక్కడి ఊళ్లలో ‘చుర్‌పోన్’ ఉంటాడు. నీటి విలువ తెలిసిన పల్లెవాసులు అక్కడ బకెట్లకొద్దీ నీరు పారబోయరాదు. సరస్సుల ఒడ్డున ప్లాస్టిక్ సీసాలు వదలడం, బురద నేలల్లో గూడు కట్టుకునే నల్లమెడ కొంగలను ఫొటోల కోసం బెదరగొట్టడం తగని పని. 2022లో కొందరు యాత్రికులు పాంగాంగ్ నీటిలోకి కారు దించిన దృశ్యం చూసి దేశమంతా ఛీకొట్టింది.

యాత్రలు ఏర్పాటు చేసే సంస్థలు ఏ రాత్రి బస ఎన్ని అడుగుల ఎత్తున ఉంటుందో కరపత్రాలలోనే అచ్చు వేయాలి. ఆరు రోజుల్లో అన్నీ చూపిస్తామన్న ప్రకటనలపై పర్యాటక శాఖ కన్నెర్ర చేయాలి. ఇంటి పెద్దలు వద్దని కసరడం కంటే, ఎన్ని రోజుల సెలవు పెట్టారని అడగడం మేలు. పన్నెండు రోజుల దారికి ఆరు రోజులే చేతిలో ఉంటే ఈ ఏడాదికి అరకు చాలు. సరస్సు వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది. దాన్ని చూడడానికి ఇద్దరూ క్షేమంగా ఉండడమే ముఖ్యం.