సంజాయిషీ మానుకున్న పాట

ఓస్లో నగరపు పడమటి భాగాన మోంటెబెల్లో అనే సంపన్నుల పేట ఉంది. నార్వే హిప్-హాప్ జంట కార్పే 2016 నాటి తమ ఆల్బానికి ‘హైసాన్ మోంటెబెల్లో’ అని పేరు పెట్టింది. ఆ పేటకు చెప్పిన నమస్కారమది. అందులో వినయం కన్న వెటకారం పాలే ఎక్కువ.

ఈ ఇద్దరిలో చిరాగ్ పటేల్ గుజరాతీ హిందూ దంపతుల కుమారుడు. మాగ్ది అబ్దెల్‌మగీద్ తండ్రి ఈజిప్టు దేశస్థుడు, తల్లి నార్వే స్త్రీ. ఓస్లోలో పెరిగిన వీరు 2004 నుంచి నార్వే భాషలోనే పాట కడుతున్నారు. మోంటెబెల్లో పాటల పేర్లే వారెవరితో తగవులాడుతున్నారో చెబుతాయి: ఒకటి యాభయ్యో పడికి చేరువవుతున్న తెల్ల మగవారిని గురించి, మరొకటి ‘ఇస్లామిక్ ఏనుగు’. (యాభై దాటిన శ్రోతకు, తెల్లవాడు కాకపోయినా, మొదటిది కొంత గుచ్చుకుంటుంది.) హాస్యం, వేగం, ఎత్తిపొడుపు పుష్కలం. అయితే ప్రతి పాటా ఎదుటివాని ప్రశ్నకు జవాబే. మీరెవరు, ఎక్కడివారు అని అడిగేవాడు లేనిదే ఆ ఆల్బం నడవదు.

2022లో వచ్చిన ‘ఒమర్ షెరీఫ్’లో ఆ ప్రశ్నించేవాడు కనిపించడు. ఈజిప్టు నటుని తలపించే ఆ పేరులోని ‘ఒమర్’ మాగ్ది సొంత పేరులోనూ ఉంది. ‘బరఫ్/ఫైరూజ్’ అన్న పాట శీర్షికలో మొదటి మాట గుజరాతీ ఇళ్లలో మంచుగడ్డకు వాడేది. రెండవది లెబనాన్ మహాగాయని పేరు. నార్వే శ్రోత కోసం దేనికీ అర్థం చెప్పరు. ‘పాఫ్.నో’ పల్లవి అరబ్బీలో సాగుతుంది. ఆ ఏడు ఆగస్టులో ఓస్లో స్పెక్ట్రుమ్‌లో పది కచేరీలు జరిగాయి. తమది కాని భాషలోని ఆ పల్లవిని అందుకోవడానికి జనం వెనుదీయలేదు.

పాత పదును తగ్గిందన్న ఆక్షేపణ పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు. కొత్త ఆల్బం కొన్నిచోట్ల రంగస్థలపు ఆర్భాటంతో బరువెక్కింది. మోంటెబెల్లోలోని చిలిపితనం ఇందులో అరుదు. అయినా మెట్టు పైది ఇదే. వెక్కిరింపుకు ఎదుటివాడు కావాలి. ఇంటి మాటను ఇంటి మాటగానే పలకడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ప్రవాసాంధ్ర రచనను ఇక్కడ తలచుకోకుండా ఉండలేము. విదేశాల నుంచి వచ్చే తెలుగు కథలు ఎక్కువగా వలస వెళ్లిన తరానివి: విడిచివచ్చిన ఊరు, చేజారుతున్న పిల్లలు. ఆ పిల్లల గొంతు తెలుగులో వినిపించడం అరుదు. చిరాగ్ తరం పాడుతున్నది తల్లిదండ్రుల బెంగను కాదు. ఓస్లోలో పుట్టిన పాటలో ‘బరఫ్’ అన్న మాట అనువాదం లేకుండా నిలబడినప్పుడు, అది ఏ దూరదేశపు జ్ఞాపకమూ కాదు. ఆ ఊరి మాటే.