మన్యమునుండి విమానమునకు

విమానచోదకుని లైసెన్సునకు మేధ యెంత యవసరమో ధనమును నంతే యవసరమను సత్యము, తూర్పుకనుమలలో నిలిచి చూచువారికి తెలిసినంత స్పష్టముగా నగరవాసులకు తెలియదు.

అరకునకు పడమటిదిశను, సీలేరు నది కావలియొడ్డుననున్న ఒడిశాలోని మల్కాన్‌గిరి జిల్లానుండి, అక్కడి కింకను రైలుమార్గమైనను రాని కాలమున, ఒక పోలీసు హవల్దారు కుమార్తెయైన అనుప్రియా మధుమితా లక్రా అను ఓరాన్ యువతి, 2012లో ఇంజనీరింగు చదువు విడిచి భువనేశ్వరమున శిక్షణలో ప్రవేశించి, తండ్రి అప్పులు చేసియు బంధువుల నాశ్రయించియు సమకూర్చిన సొమ్ముతో దానిని సాగించి, 2019లో ఒక ప్రైవేటు విమానసంస్థలో కో-పైలట్ కాగలిగెను. ఆమె పట్టుదల శ్లాఘనీయమే. అయినను ఒక తండ్రి ఋణభారముపై ఆధారపడిన విజయమును మార్గమని పిలువరాదు.

భౌతిక, గణితశాస్త్రములతో ఇంటర్మీడియట్, వైద్యపరీక్ష, నావిగేషన్, వాతావరణశాస్త్రము, విమాననియమములు మున్నగు విషయములలో నూటికి 70 మార్కులు, అటుపిమ్మట 200 గంటల ఆకాశయానము, అందులో 100 గంటలు తానే సారథియై నడపుట: వాణిజ్య లైసెన్సునకు కావలసినవివి. పుస్తకజ్ఞానమును గురుకులకళాశాల యీయగలదు. ఆ 200 గంటలకు మాత్రము ఇంధనమునకును, యంత్రమునకును, శిక్షకునకును గంటగంటకు వెల కట్టవలసియుండుటచే మొత్తము వ్యయము అరకోటి దరిదాపులకు చేరును. ఎకరము రెండెకరముల కాఫీతోటపై బ్రతుకు కుటుంబమునకు అనేక సంవత్సరముల రాబడి కూర్చినను అది చాలదు.

విమానపరిచారకవృత్తికి ద్వార మింతకంటె విశాలము. పదునెనిమిదేండ్ల వయస్సును ఇంటర్మీడియట్ చదువును ముఖ్యార్హతలు, గంటల లెక్క లేదు. ఫలహారము లందించుటయే ఆ పని యని తలచుట అన్యాయము: అగ్నిని ఆర్పుట, నీటిపై దిగిన విమానమునుండి జనమును దాటించుట, ప్రథమచికిత్స చేయుట నేర్చి, పరీక్షలలో నెగ్గి, ఆ యర్హతను మరల మరల నిరూపించుకొననిదే వారు విధులలో నుండజాలరు. సగము ద్వారములు మూసియున్నను 90 సెకన్లలో ఖాళీ కావలెనన్న విమాననిర్మాణ ప్రమాణము ఆపత్కాలమున ఫలించుట వారి నేర్పుపైననే ఆధారపడియున్నది. కేరళలో కరింబాల తెగ యువతి యొకతె ప్రభుత్వసాహాయ్యముతో శిక్షణ పొంది 2022లో ఈ వృత్తిలో ప్రవేశించెను. మన గిరిజనబాలికలకు అడ్డమగునది తెలివిలేమి కాదు. ఆంగ్లమున ధైర్యముగా సంభాషించు అభ్యాసము లేకపోవుటయే.

భోగాపురపు విమానాశ్రయమునకు మన్యవీరుడు అల్లూరి పేరు పెట్టిరి, సంతోషము. ఆ పేరు సార్థకము కావలెనన్న, పాడేరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) గురుకులములలో గణిత, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల ఖాళీలు ఉండనీయక, ఫీజు కట్టించుటకు ముందే అభ్యర్థులకు వైద్యపరీక్ష చేయించి, అర్హులైనవారి ఆకాశయాన వ్యయమును అప్పుగా గాక గ్రాంటుగా భరించుటకు ప్రభుత్వము ఇప్పుడే పూనుకొనవలెను.